పాత కారు, పొడుగు దారి: పాఠకుల ప్రశ్నలు

విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్లుగా పాత కార్ల షెడ్డు నడుపుతున్న మెకానిక్ జవాబులు

ప్రశ్న: మా నాన్నగారు 1968లో కొన్న అంబాసిడర్ మార్క్-2 ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. రెండేళ్లుగా ఆదివారాలు మాత్రం దాన్ని బయటికి తీసి అమరావతి గుడి దాకా వెళ్లి వస్తున్నాను. ఎప్పుడూ మొరాయించలేదు. మా అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. నాన్నగారితో ఆ కారులోనే ఒకసారి అరకు వెళ్లిందట. మళ్లీ అందులోనే తీసుకువెళ్లమని అడుగుతోంది. సంక్రాంతి దాటాక బయలుదేరాలని ఉంది. బండి అంత దూరం వెళ్తుందా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: వెళ్తుంది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌గా ఇంగ్లండులో పుట్టి, కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో అంబాసిడర్‌గా స్థిరపడి, 2014 దాకా తయారైన బండి అది. అందులోని 1489 సీసీ ఇంజనుకు పరుగు తక్కువ, ఓపిక ఎక్కువ. డెబ్బై కిలోమీటర్ల వేగం దాటనివ్వకుండా నడిపితే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే తీరున లాగుతుంది.

అయితే ఆదివారం ముప్పై అయిదు కిలోమీటర్లు పోయి వచ్చిన బండిని చూసి అయిదు వందల కిలోమీటర్ల సంగతి చెప్పలేము. పాత కారు లోపాలు రెండో గంట తరువాతే బయటపడతాయి. అందుకని ముందు ఒక రోజు గుంటూరు నుంచి ఒంగోలు వెళ్లి రండి. రెండు వైపులా కలిపి 230 కిలోమీటర్ల దాకా అవుతుంది. వెంట ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. ఎంత పెట్రోలు తాగింది, ఇంజనాయిలు గేజీ మీద ఎంత దిగింది, రేడియేటర్‌లో నీరు ఎంత తగ్గింది, ఆగిన ప్రతిచోటా రాయండి. సాయంత్రం ఇంటికి వచ్చాక బండి కింద పాత న్యూస్‌పేపర్లు పరిచి పెట్టండి. మర్నాడు పొద్దున ఏ కాగితం మీద ఏ రంగు మరక పడిందో చూస్తే సగం రోగం తెలిసిపోతుంది. ఆ పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చినా, మీ మెకానిక్ దగ్గరికి వెళ్లినా పని సులువవుతుంది.

ఆ తరువాత రబ్బరు చూడండి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ ఉంటోంది. మీ బండి పుట్టినప్పుడు ఆ ఊసే లేదు. పెట్రోలు పైపులు, పంపులోని డయాఫ్రం, కార్బ్యురేటర్ గ్యాస్కెట్లు పాత రబ్బరువైతే ఇథనాల్‌కు ఉబ్బి, మెత్తబడి, చివరికి పగులుతాయి. వాటన్నిటినీ ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్చండి. పాత ట్యాంకులో అడుగున పేరుకున్న తుప్పును, జిగురును కూడా ఇథనాల్ కరిగించి తెస్తుంది. అందుకే ట్యాంకు దింపించి కడిగించండి. ఒక ఫిల్టరు బిగించి, ఇంకో రెండు డిక్కీలో వేసుకోండి. కార్బ్యురేటర్‌ను ఇప్పటి పెట్రోలుకు తగ్గట్టు కొంచెం రిచ్‌గా, అంటే గాలిలో కలిసే పెట్రోలు పాలు కాస్త పెరిగేలా, పెట్టమని చెప్పండి. లేకపోతే ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజను వేడెక్కుతుంది.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసే అలవాటు ఉంటే ఈ రోజే మానెయ్యండి. మన వైపు బోరు నీళ్లు ఉప్పన. లోపలి సన్నటి గొట్టాల్లో సున్నం గట్టిపడి దారి మూసుకుపోతుంది. పూర్తిగా విప్పించి శుభ్రం చేయించి కూలెంట్ పోయించండి. టైర్లకు అరుగుదల కనిపించలేదని మోసపోవద్దు. టైరు పక్క గోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2316 అని ఉంటే అది 2016లో ఇరవై మూడో వారంలో చేసిన టైరు. అలాంటి టైరుతో ఎండలో నూరు కిలోమీటర్లు వెళ్లడం నేను ఒప్పుకోను, మీద గీతలు ఎంత కొత్తగా ఉన్నా సరే.

బ్రేకుల విషయంలో నేనొకసారి తప్పు చేశాను కాబట్టి వాటి గురించి వివరంగా చెప్తాను. చాలా ఏళ్ల కిందట ఒక అంబాసిడర్‌ను బాగుచేసి, దాని యజమానితో కలిసి అరకు వెళ్లాను. ఎక్కడం హాయిగా సాగింది. తిరుగు ప్రయాణంలో అనంతగిరి దాటాక మూడో గేరులో, కాలు బ్రేకు మీద నుంచి తీయకుండా దిగుతున్నాను. ముందు కాలిన బ్రేకు లైనర్ల వాసన వచ్చింది. తరువాతి మలుపులో పెడల్ నొక్కితే కాలి కింద గట్టిదనం లేదు. నీళ్లు నింపిన రబ్బరు సంచిని తొక్కినట్టు మెత్తగా కిందికి దిగిపోయింది. గబగబా పెడల్ కొడుతూ, రెండో గేరుకు దించి, హ్యాండ్‌బ్రేకు లాగి, కాఫీ తోట పక్కన కొండ వైపు మట్టిగట్టుకు బండిని ఆనించి ఆపాను. యజమాని ఒక్క మాట కూడా అనలేదు. దిగి, గట్టు మీద కూర్చుని, చాలాసేపు తన చేతుల వంకే చూసుకున్నాడు. అరగంటకు బ్రేకు డ్రమ్ములు చల్లబడి పెడల్ మళ్లీ గట్టిపడింది.

ఆ బండికి కొత్త లైనర్లు వేసిన నేను బ్రేక్ ఆయిల్ మాత్రం పాతదే ఉంచాను. అదీ నా తప్పు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు చేరిన ఆయిల్ వేడికి తొందరగా మరుగుతుంది. అందులో లేచిన ఆవిరి బుడగలు నొక్కితే నలిగిపోతాయి తప్ప ఒత్తిడిని చక్రం దాకా చేరనివ్వవు. మీ బండికి నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. నాలుగింటికీ ఆయిల్ ఒకే మాస్టర్ సిలిండర్ నుంచి వెళ్తుంది, ఒక్క వీల్ సిలిండర్ కారినా అన్నీ పోతాయి. కాబట్టి లోపలి రబ్బర్లన్నీ మార్చి, ఆయిల్ మొత్తం తీసేసి కొత్తది పోయించండి. ఘాట్‌లో ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగండి. వాసన వస్తే ఆగండి. వేడి డ్రమ్ముల మీద నీళ్లు పోయవద్దు, పగులుతాయి.

ఇక దారి. తెల్లవారుజామున అయిదింటికి గుంటూరులో కదిలితే బెంజి సర్కిల్ దగ్గర రద్దీ మొదలయ్యేలోపు కనకదుర్గ వారధి దాటి విజయవాడ అవతలికి చేరతారు. మొదటి రాత్రి రాజమహేంద్రవరంలో ఆగండి. ఒక్క రోజులో విశాఖ చేరాలని పట్టు పట్టవద్దు. రెండో రోజు అన్నవరం దగ్గర ఆగి, అమ్మ చేత ప్రసాదం తినిపించి, ఇంజను బానెట్ ఎత్తి కాసేపు గాలి తగలనివ్వండి. విశాఖలో పడుకుని మూడో రోజు పొద్దున్నే శృంగవరపుకోట మీదుగా ఘాట్ ఎక్కండి. జనవరిలో అక్కడ మంచు బాగా కురుస్తుంది. మీ డైనమో బండి హెడ్‌లైట్లు ఆ మంచులో ఎదుటివాడికి ఆనవు, అందుకని వెలుగు వచ్చాకే కొండ మీదికి వెళ్లండి.

వెనక సీటుకు తల ఆనించుకునే వీలు ఉండదు. అమ్మకు మెడ వెనక ఒక దిండు, గంటన్నరకు ఒకసారి నాలుగు అడుగులు నడక తప్పనిసరి. ఆవిడ ఏ మలుపు దగ్గరైనా ఆపమంటే ఆపండి, ఎందుకని అడగవద్దు.

ప్రశ్న: మా తాతగారి కారుకు యాభై ఏళ్లు దాటాయి, మూడక్షరాల పాత నంబరే ఉంది. వింటేజ్ నంబరు ప్లేటు తీసుకుంటే ఊళ్లు తిరగడం సులువవుతుందా?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: కష్టమవుతుంది. కేంద్ర రవాణా శాఖ 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపం మారని కార్లను, మోటారు సైకిళ్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకోవచ్చు. నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. కొత్తగా నమోదుకు రుసుము ఇరవై వేలు, గడువు పదేళ్లు. కానీ అలా నమోదైన బండి ప్రదర్శనలకు, ర్యాలీలకు, పరిశోధనకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతులకు మాత్రమే రోడ్డెక్కాలి. మీరు కుటుంబంతో ప్రయాణాలు చేయాలనుకుంటే మామూలు ఆర్‌సీనే ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్లకోసారి పొడిగించుకోండి. పాత నంబరు రవాణా శాఖ కంప్యూటర్‌లో ఎక్కిందో లేదో కూడా ముందే చూసుకోండి, లేకపోతే ఫాస్టాగ్ దగ్గర ఆగిపోతారు. పైన అరకు ప్రయాణం గురించి అడిగిన గుంటూరు పాఠకుడికీ ఇదే మాట.

ప్రశ్న: మా నాన్నగారు నాకిచ్చిన 1970 నాటి ఫియట్‌ను పదేళ్లుగా నేనే నడుపుతున్నాను. మా అమ్మాయిని వెంటబెట్టుకుని నాగార్జునసాగర్ వెళ్లాలని ఉంది. రిపేరు తెలియని ఆడవాళ్లు పాత కారులో అంత దూరం ఒంటరిగా వెళ్లకూడదని ఇంట్లో అంటున్నారు.
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, లోకంలో మొట్టమొదటి దూరపు కారు ప్రయాణం చేసింది ఒక తల్లే. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్, కారు కనిపెట్టిన తన భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని పుట్టింటికి వెళ్లింది. దారిలో ఇంధనం గొట్టం పూడుకుంటే టోపీకి గుచ్చుకునే పొడుగు సూదితో పొడిచి తీసింది. రాపిడికి తీగ బయటపడితే మేజోడు పట్టీ చుట్టింది. బ్రేకు దిమ్మలు అరిగితే చెప్పులు కుట్టేవాడి చేత తోలు కొట్టించింది. ఇంధనం అయిపోతే మందుల దుకాణంలో కొన్నది. రిపేరు ఆమెకు బడిలో ఎవరూ నేర్పలేదు, బండిని దగ్గర ఉండి చూసింది, అంతే.

మీకు పదేళ్ల అనుభవం ఉంది. సాగర్ దారిలో అరకు లాంటి ఘాట్ లేదు, ఎండ ఉంది. పిడుగురాళ్ల, మాచర్ల వైపు వేసవి మధ్యాహ్నం పెట్రోలు పైపులోనే ఆవిరై, ఇంజను దగ్గి ఆగిపోవచ్చు. భయపడి స్టార్టర్ కొడుతూ బ్యాటరీ చంపుకోవద్దు. తడి గుడ్డను పెట్రోలు పంపు మీద కప్పి ఇరవై నిమిషాలు ఆగితే చల్లబడి మళ్లీ లేస్తుంది. రెండోది పాయింట్లు. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే లోపల గోరంత లోహపు బిళ్లలు రెండు ఒకదాన్నొకటి ముట్టి విడిపోతుంటాయి. వాటి మీద నల్లటి గుంట పడితే నిప్పురవ్వ బలహీనమవుతుంది. సన్నటి గరుకు కాగితంతో తుడిచి, ఎడం విజిటింగ్ కార్డు మందం ఉండేలా బిగించాలి. ఒక జత పాయింట్లు, ఒక కండెన్సర్, ఒక ఫ్యాన్ బెల్టు మీ సంచిలో ఉంటే చాలు.

శనివారం పొద్దున తొమ్మిదింటికి షెడ్డు ఖాళీగా ఉంటుంది. మీ ఫియట్ వేసుకుని రండి. మూత మీ చేత విప్పిస్తాను, బెల్టు మీ అమ్మాయి చేత మార్పిస్తాను.