మేడ మీద గదిలో కంపెనీ పెడుతున్న మా మేనకోడలికి

బరంపురం

చి.ల.సౌ. అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఇది ఉద్యోగం మానేసిందట. బెంగళూరు గది ఖాళీ చేసి వచ్చేస్తుందట. మన మేడ మీద గదిలో ఒక్కత్తే కూర్చుని కంపెనీ నడుపుతుందట" అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలీలేదు. రాత్రంతా నిద్ర పట్టలేదు. మా పిల్ల ఎంత ధైర్యం చేసిందీ అని సంతోషం, ఏటవుతుందో అని గుబులు. తెల్లారకముందే లేచి ఇది రాయడం మొదలుపెట్టాను. ఫోన్లో చెబితే "సరే మావయ్యా" అని పెట్టేస్తావు. కాగితమైతే దాచుకుంటావు.

కొత్తగా కంపెనీ పెట్టుకునేవాళ్లకి, చేతిలో ఆలోచన తప్ప ఇంకేమీ లేనివాళ్లకి, మొదటి యాప్ నువ్వు కట్టిస్తావు. అంతే కదా? ఫాక్స్‌ప్రో అనే పాత లెక్కల సాఫ్ట్‌వేర్ రోజుల్లో నేనూ ఈ ఊళ్లో అదే పని చేశాను. పట్టుచీరల కొట్లకీ, అప్పడాల వ్యాపారులకీ లెక్కల ప్రోగ్రాములు రాసిచ్చాను. పనివాణ్ణీ నేనే, గుమస్తానీ నేనే. అందుకే ఈ రాయడం.

ముందుగా సులువైనవి చెప్పేస్తాను. బ్యాంకులో వ్యాపారానికి కరెంటు ఖాతా విడిగా తెరువు. ఉద్యం, అంటే చిన్న వ్యాపారాలకి సర్కారు ఇచ్చే నమోదు, చేయించుకో, దానికి పైసా ఫీజు లేదు, ఎవరైనా అడిగితే ఇవ్వకు. బిల్లుల మొత్తం ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ జోలికి పోనక్కర్లేదు. కంపెనీలు నీ బిల్లులో టీడీఎస్, అంటే ఆదాయపు పన్ను కింద కొంత, ముందే పట్టుకుంటాయి, ఆ సర్టిఫికెట్ అడిగి తీసుకో. ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నేను చెప్పాలనుకున్నది వేరే.

1994లో దసరా వెళ్లాక ఒక కుర్రాడు నా దగ్గరికొచ్చాడు. నాకంటే రెండేళ్లు చిన్న. చిలికా ఒడ్డున రంభ దగ్గర చెరువుల నుంచి టైగర్ రొయ్య కొని ఎగుమతి వాళ్లకి అమ్మే వ్యాపారం కొత్తగా పెట్టాడు. రొయ్యకి ధర కౌంటును బట్టి, అంటే కిలోకి ఎన్ని తూగాయన్న దాన్ని బట్టి కడతారు. ముప్పై తూగితే ఒక ధర, నలభై తూగితే ఇంకో ధర. రైతుకి ముందే ఇచ్చిన మేత బాకీ అందులోంచి తీసెయ్యాలి, ఐసు ఖర్చు తీసెయ్యాలి. ఈ లెక్క కంప్యూటర్ చెప్పాలన్నాడు. ఆరు వేలకి మాట అనుకున్నాం. రెండు వేలు చేతిలో పెట్టాడు. కాగితం మీద అక్షరం ముక్క లేదు.

నెలన్నరలో రాసిచ్చేశాను. అక్కడితో అయిపోవాలి. కానీ ఆ కుర్రాడి కళ్లల్లో ఒక వెలుగు ఉండేది అమ్మలూ. మాట్లాడుతుంటే మనకి కూడా ఒళ్లు పులకరించేది. "అన్నా, లారీల లెక్క కూడా చేర్చు. అన్నా, ఒక్కో రైతుకీ ఒక్కో ధర పెట్టాల్సొస్తోంది. అన్నా, వ్యాపారం నిలబడనీ, నీకూ వాటా ఇస్తాను." ఏది తోస్తే అది ఐసు ఫ్యాక్టరీ రసీదు వెనక రాసి చేతిలో పెట్టేవాడు. తడి చేతుల్తో రాయడం వల్ల సిరా పాకిపోయేది. నేను బస్సెక్కి రంభ వెళ్లిపోయేవాణ్ణి, చెరువు గట్టు మీద రేకుల షెడ్డులో రాత్రి పన్నెండు దాకా కూర్చునేవాణ్ణి. ఏడు నెలలు. ఒక్కసారి కూడా "దీనికెంత?" అని అడగలేదు. అడిగితే చిన్నబుచ్చుకుంటాడేమో అని. నిజం చెప్పాలంటే, ఆ ఉత్సాహంలో నేనూ భాగస్వామినే అనిపించేది, అది పోతుందని భయం.

ఆ మార్చిలోనే నాకు అన్నం పెడుతున్న పాత ఖాతాదారు, పట్టుచీరల షావుకారు గారు, మూడుసార్లు తన కొట్లో కుర్రాణ్ణి నాకోసం పంపించారు. కరెంటు పోయి ప్రోగ్రాంలో ఇండెక్స్ పాడైంది, చీరల నిల్వ తప్పు చూపిస్తోంది. నేను కూర్చుంటే పది నిమిషాల పని. నేను రంభలో ఉన్నాను. వచ్చేసరికి ఏడాది లెక్కలు మూసే 31 దాటిపోయింది. అరవై దాటిన మనిషి, ఆయనా గుమస్తా నాలుగు రాత్రులు దీపం పెట్టుకుని బీరువాల్లో ఒక్కో చీరా తీసి లెక్కపెట్టుకున్నారట. నేను వెళ్తే ఒక్క మాట అనలేదు. టీ తెప్పించారు. ఆ ఏడాదికి నాకివ్వాల్సిన మొత్తం లెక్కపెట్టి ఇచ్చారు. తర్వాతి నెల వేరే మనిషిని పెట్టుకున్నారు. ఆ టీ రుచి నాకు ఇప్పటికీ గొంతులో ఉంది.

రొయ్యల కుర్రాడు మోసగాడు కాడు, అది నువ్వు అర్థం చేసుకోవాలి. ఆ సీజన్లో రొయ్యలకొచ్చే తెల్లమచ్చ రోగం తూర్పు తీరమంతా చెరువులు ఊడ్చేసింది. రైతులు మునిగారు, వాళ్లకి మేత అప్పిచ్చిన ఈ కుర్రాడూ మునిగాడు. నా నాలుగు వేలు ఏ మొహం పెట్టుకుని అడగను? కంప్యూటర్ కొన్న బ్యాంకు అప్పుకి వాయిదాలు మూడు నిలిచిపోయాయి. అప్పటికి పెళ్లికాని మీ అమ్మ, చేతి గాజులు రెండూ తీసి నా బల్ల మీద పెట్టి లోపలికెళ్లిపోయింది. విడిపించడానికి నాకు రెండేళ్లు పట్టింది. నేను చెప్పానని అమ్మతో అనకు.

నీ దగ్గరికి వచ్చేవాళ్లు కూడా ఇలాంటి మంచివాళ్లే. కళ్లల్లో అదే వెలుగు ఉంటుంది. ఇప్పుడు చాలామంది ఏఐతో సగం యాప్ తామే కట్టుకుని, మిగతా సగం ముడిపడక వస్తున్నారని నువ్వే చెప్పావు కదా. వాళ్లకి ఏం కావాలో వాళ్లకే ఇంకా తెలియదు. ఇవాళ ఒకటి, వారం పోయాక ఒకటి చెబుతారు. అది వాళ్ల తప్పు కాదు, మొదటి రోజుల వ్యాపారం అలాగే ఉంటుంది. ఆపాల్సింది నువ్వు.

పనిని రెండేసి వారాల ముక్కలు చెయ్యి. ఈ రెండు వారాల్లో ఏం ఇస్తావో, ఏం ఇవ్వవో రాసి పంపి, "సరే" అని వాళ్ల చేత రాయించుకో. ముక్క మొదలయ్యే ముందే దాని డబ్బులో సగం రావాలి. కొత్త కోరిక వస్తే కాదనకు. "తర్వాత" అని ఒక చిట్టా పెట్టి అందులో రాసి, పక్కన ధర వెయ్యి. ధర చూశాక సగం కోరికలు వాళ్లే కొట్టేసుకుంటారు. వాటా ఇస్తామంటే సంతోషంగా విను, కానీ బియ్యానికి సరిపడా డబ్బు తీసుకున్నాకే దాని సంగతి మాట్లాడు. బిల్లు మీద ఉద్యం నంబరు వెయ్యి. చిన్న వ్యాపారాల కోసం ఉన్న ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం 45 రోజులు దాటితే వడ్డీ కట్టాలన్న సంగతి కొనేవాడికి గుర్తుంటుంది.

ఇంకో మాట, మా రోజుల్లో దీని గురించి ఎవరూ ఆలోచించలేదు. ఉద్యోగంలో రాసిన కోడు కంపెనీది. బయటి మనిషిగా రాసిన కోడు మాత్రం, కాగితం మీద రాసిచ్చేదాకా నీదే, కాపీరైటు చట్టం అలాగే చెబుతోంది. రాసిచ్చే కాగితంలో గడువు రాయకపోతే అయిదేళ్లకే, చోటు రాయకపోతే భారతదేశానికే అని లెక్క. రేపు వాళ్లకి పెట్టుబడి పెట్టేవాడు వచ్చినప్పుడు మొదట అడిగేది ఈ కాగితమే. అందుకని శాశ్వతంగా, ప్రపంచమంతటికీ అని శుభ్రంగా రాసివ్వు, కానీ ఆఖరి బాకీ అందిన రోజు నుంచి అని రాయి. డొమైను అంటే వెబ్ చిరునామా, సర్వరు, ప్లేస్టోరు ఖాతాలు మొదటి రోజు నుంచే వాళ్ల పేరున, వాళ్ల కార్డు మీద తెరిపించు. నీ కార్డు మీద వాళ్ల సర్వరు ఎన్నడూ నడపకు.

వారానికి ఒక రోజు, శుక్రవారమనుకో, పాత ఖాతాదారులకి. కొత్తవాళ్లు ఎంత బతిమాలినా ఆ రోజు ఇవ్వకు. ఎందుకు చెబుతున్నానో నీకు తెలుసు.

ఇక అక్టోబరు. నువ్వు నవ్వుతావు, నవ్వకు. 1999లో సూపర్ సైక్లోన్ గురించి అందరికీ తెలుసు. అదే నెలలో దానికి ముందే గోపాల్‌పూర్ దగ్గర ఇంకో తుపాను తీరం దాటి మన ఊరి కప్పులు లేపేసింది. నా కంప్యూటర్ మీద రేకు పడింది. లెక్కలన్నీ కాపీ చేసిన ఫ్లాపీలు ఒక జత ఇచ్ఛాపురంలో మీ పెద్దమ్మ ఇంట్లో పెట్టబట్టి బతికాను. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను వచ్చినప్పుడు నువ్వు మా మంచం కింద దూరి నా చెయ్యి వదల్లేదు, గుర్తుందా? తర్వాత ఎన్ని రోజులు కరెంటు లేదో. 2018లో తిత్లీ. కాబట్టి రోజూ సాయంత్రం కోడు గిట్‌హబ్‌లో, అంటే ఇంటర్నెట్‌లో కోడు దాచే చోట, పెట్టి లే. ఇంటర్నెట్ రెండు కంపెనీలది ఉండాలి. అక్టోబరులో గడువు పడే పని ఒప్పుకోకు. నీకు జ్వరమొచ్చి పడుకుంటే ఏ పాస్‌వర్డు ఎక్కడుందో ఒక కవరులో రాసి నాకియ్యి, నేను విప్పను.

మధ్యాహ్నం భోజనానికి కిందికి దిగి తిను. కంచం పైకి తెప్పించుకోవడం మొదలుపెడితే నిన్నెవరూ చూడరు. ఒక్కరే చేసే పనిలో నాకు అన్నిటికంటే భయం అదే.

మొదటి ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు నా దగ్గరికి తీసుకురా. రొయ్యల కుర్రాడు రాసిచ్చిన ఆ ఐసు రసీదులన్నీ ట్రంకు పెట్టెలో దాచాను, నలభై మూడున్నాయి, నీకు చూపిస్తాను. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌కి వస్తే స్టేషనుకి నేనే వస్తాను. మేడ మీద గదికి ఇన్వర్టర్ లైను లాగమని ఎలక్ట్రీషియన్‌తో పొద్దున్నే మాట్లాడాను, ఆదివారం వస్తానన్నాడు. బల్ల కిటికీ పక్కన కావాలా, గోడ పక్కనా? ఆ లోపు చెప్పు, ప్లగ్గు ఎక్కడ పెట్టాలో అతనికి చెప్పాలి.

మీ మావయ్య