పాప రాసిన నాలుగో వాక్యం

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్లు. నిజానికీ అభిప్రాయానికీ తేడా చెప్పి, తన గురించి నాలుగు నిజాలు రాసుకురమ్మని స్కూల్లో వర్క్‌షీట్ ఇచ్చారు. 'నా ఎత్తు 128 సెంటీమీటర్లు. నాకు ఒక తమ్ముడు. నేను నల్లగా ఉంటాను. నేను బాగుండను' అని రాసింది. నాలుగోది అభిప్రాయమని టీచర్ ఎర్ర పెన్నుతో దిద్దారు. పాప ఒప్పుకోవడం లేదు, నిజమేనంటోంది. నాన్న పోయాక అమ్మ మా దగ్గరే ఉంటోంది. పాపకు నలుగు పెట్టినప్పుడల్లా 'తమ్ముడి రంగు నీకొచ్చుంటే ఎంత బాగుండేదే' అంటుంది. ప్రేమతోనే లెండి. ఈ తేడా నేర్పే మంచి పుస్తకం ఏదైనా చెప్పండి.
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: పుస్తకం అక్కర్లేదమ్మా. అమ్మమ్మ ఆ మాట అంటుంది, అమ్మ పక్కనే ఉండీ ఊరుకుంటుంది. అమ్మ కాదనలేదంటే నిజమే అయ్యుంటుందని పాప అనుకుంది. తొమ్మిదేళ్ల పిల్ల ఇంకేమనుకుంటుంది?

మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది 'ప్రేమతోనే లెండి' దగ్గర. మీరు రాయలేదు గానీ, ఆ పీట మీద ఒకప్పుడు మీరూ కూర్చున్నారనిపించింది. ఆ రోజు మింగిన మాటే ఈ రోజూ మింగుతున్నారు. తేలాల్సింది మీకూ మీ అమ్మగారికీ మధ్య.

తప్పంతా ఆవిడదని అనను. మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ క్రీమ్ 1975లో వచ్చింది. 2020లో గ్లో అండ్ లవ్లీ అయ్యేదాకా, 45 ఏళ్లు తెలుపే అందమని ఆ పేరే చెబుతూ వచ్చింది. ఆవిడ మిమ్మల్ని పెంచింది ఆ కాలంలోనే.

పాపకు మాత్రం ఒక మెలిక విడమరిచి చెప్పండి. 'నలుగు పెడితే తెల్లబడతావు' అని ఎవరైనా అంటే అది అభిప్రాయం కాదు, తప్పు. పరీక్షించి తేల్చగలిగే మాట అది. ఒంట్లో రంగునిచ్చే కణాలు అందరికీ దాదాపు ఒకే లెక్కలో ఉంటాయి. అవి మెలనిన్ అనే రంగు పదార్థాన్ని ఎంత, ఏ రకం తయారుచేస్తాయన్నది చాలావరకు పుట్టుకతో వస్తుంది. నలుగుతో మురికి పోతుంది, పుట్టుకతో వచ్చిన రంగు పోదు. 'నల్లగా ఉంటే బాగుండదు' అన్నదాన్ని ఏ టేపుతోనూ కొలవలేం. అది ఒకరికి అలా అనిపించడం, అంతే.

తల్లిని చూసుకోవడం మీ ధర్మం, అందులో రెండో మాట లేదు. అన్నం, మందులు, మర్యాద, ఏదీ తగ్గకూడదు. కూతుర్ని ఆ మాటకు వదిలేయడం మాత్రం ఆ ధర్మంలోకి రాదు.

ఈసారి నలుగు పెట్టేటప్పుడు పక్కనే కూర్చోండి. గొంతు పెంచకుండా, పాప వినేలా అనండి: 'అమ్మా, అది నీకు అనిపించిన మాట. నా కళ్లకు నా కూతురు చక్కగా ఉంది. ఇంకెప్పుడూ దాని ముందు అలా అనకు.' 'నువ్వన్నదీ అభిప్రాయమేగా' అని పాప మిమ్మల్నే పట్టుకోవచ్చు. అవునని ఒప్పుకోండి. ఇన్నాళ్లూ ఇంట్లో ఒక్క అభిప్రాయమే వినబట్టి, అది ఆ పిల్లకు నిజమైపోయింది. ఇప్పుడు రెండోది కూడా వింటుంది.

అమ్మగారు రెండు రోజులు అలుగుతారు. అలగనివ్వండి. వేళకు కాఫీ మాత్రం మీ చేత్తోనే ఇవ్వండి.