పీసీఓఎస్ ఉంటే నేరుగా ఐవీఎఫ్‌కే వెళ్లాలా?

అక్కర లేదండీ. పెళ్లయి రెండేళ్లయిందని, పీసీఓఎస్ (అండం సరిగా విడుదల కాని హార్మోన్ల సమస్య) అని తెలిసిన దగ్గర్నుంచి ఇంటిల్లిపాదీ ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ) జపం చేస్తున్నారని రాశారు. నా చెవిలో ఆ జపం నాలుగేళ్లు సాగింది. నన్నడిగితే, ఆ సలహా ఇచ్చేవాళ్లలో సగం మంది అండం విడుదలకు ఇచ్చే లెట్రోజోల్ మాత్ర పేరే విని ఉండరు.

స్కానింగులో కనిపించే ‘నీటి బుడగలు’ గడ్డలు కావు, సగం పెరిగి ఆగిపోయిన ఫాలికిళ్లు, అంటే అండం పెరిగే చిన్న సంచులు. మనకు అండాలకు కొరత లేదు, విడుదల కావడమే కష్టం. ఈ ముక్క నాకు మూడో డాక్టరు చెప్పారు. మొదటి ఇద్దరూ బరువు తగ్గమన్నారు, అంతే. బరువున్నవాళ్లు కొంచెం తగ్గినా నెలసరి గాడిలో పడవచ్చు, కాదనను. కానీ నేను అప్పటికే పుల్లలా ఉండేదాన్ని!

మూడో డాక్టరు లెట్రోజోల్ రాశారు. నెలసరి మూడో రోజు నుంచి ఐదు రోజులు, రోజుకు 2.5 మిల్లీగ్రాములు. రాత్రి పెట్టెలోని కాగితం మడత విప్పి చదివితే ‘రొమ్ము క్యాన్సర్ చికిత్సకు’ అని ఉంది. నా చేతులు చల్లబడ్డాయి. మా వారు గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని, తప్పు మందు ఇచ్చారని పోట్లాడటానికి మందుల దుకాణానికి పరుగెత్తారు. మందు సరైనదే. ఒంట్లో ఈస్ట్రోజన్ తగ్గేసరికి మెదడు కంగారుపడి అండాశయాన్ని తొందరపెడుతుందట, అందుకే ఫాలికిల్ పెరుగుతుందట. మర్నాడు డాక్టరు నవ్వుతూ చెప్పారు. ఆ నవ్వేదేదో చీటీ రాసేటప్పుడే నవ్వి ఉంటే మాకు ఆ రాత్రి నిద్ర దక్కేది. 2014లో 750 మంది పీసీఓఎస్ మహిళలతో చేసిన అధ్యయనంలో ఈ మందు వాడినవారిలో 27.5 శాతం మందికి, పాత మందు క్లోమిఫిన్ వాడినవారిలో 19.1 శాతం మందికి బిడ్డలు పుట్టారు.

మొదటి నెల ఏమీ పెరగలేదు. రెండో నెల మోతాదు రెట్టింపు చేశారు. పదిహేడో రోజున స్కానింగు తెర మీద ఒకే ఒక నల్లటి గుండ్రం, పెరిగిన ఫాలికిల్. ఈ చివర, ఆ చివర చుక్క పెట్టి కొలిచి ‘19 మిల్లీమీటర్లు’ అన్నారు. అండం విడుదలయ్యేది పద్నాలుగో రోజేనని మొండికేసే ఫోను యాప్‌ను అక్కడికక్కడే తీసేశాను. అండం విడుదల ఎప్పుడో ఇంట్లో చూసుకునే స్ట్రిప్పులూ అంతే. అవి పట్టుకునేది ఎల్‌హెచ్ అనే హార్మోన్‌ను; మనలో చాలామందికి అది ఎప్పుడూ ఎక్కువే, అందుకని ఏ రోజు చూసినా రెండు గీతలు రావచ్చు. వాటిని నమ్మి ఏడాది పోగొట్టుకున్నాను.

మూడో నెలలో మా అమ్మాయి కడుపున పడింది.

అన్నట్టు, మీ స్కానింగు రిపోర్టులు మూడు పెట్టారు. మీ వారి వీర్య పరీక్ష రిపోర్టు ఏదండీ?