నోటి పూతను డాక్టరు దగ్గర దాచకండి

ప్రశ్న: నా వయసు 46. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఎక్కిస్తున్నారు. ఎక్కించిన వారానికల్లా నోరు పూసి మంచినీళ్లు కూడా మింగలేకపోతున్నాను. వేళ్ల కొసలు తిమ్మిరెక్కి గుండీలు పెట్టుకోవడం కష్టమవుతోంది. ఇదంతా చెబితే మందు తగ్గిస్తారేమో, జబ్బు తిరగబెడుతుందేమో అని భయం. డాక్టరు అడిగితే బాగానే ఉన్నానంటున్నాను. ఎలాగోలా ఓర్చుకుంటే సరిపోతుందా?
- ఒక సోదరి

జవాబు: సరిపోదమ్మా. కీమో వార్డులో నర్సుగా ఉన్నన్నాళ్లూ, ఎప్పుడు పలకరించినా బాగానే ఉన్నాననేవాళ్ల గురించే నాకు బెంగ ఎక్కువగా ఉండేది.

ముందు వేళ్ల సంగతి. మీకిచ్చే మందు నరాలను దెబ్బతీస్తుంది. తిమ్మిరి మొదట్లోనే చెబితే మోతాదు సవరిస్తారు, కొన్నాళ్లు వాయిదా వేస్తారు, లేదా మందే మారుస్తారు. ముదిరితే మాత్రం కీమో అయిపోయాక కూడా నెలల తరబడి వేధిస్తుంది, కొందరికి పూర్తిగా పోదు. మోతాదు తగ్గించినంత మాత్రాన చికిత్సను వదిలేసినట్టు కాదు. జబ్బును, మీ ఒంటిని రెండింటినీ చూసుకునే డాక్టరు ఆ నిర్ణయం తీసుకుంటారు. మీరు దాచిపెడితే ఆయన దేన్ని చూసి నిర్ణయించాలి?

ఇక నోరు. వేగంగా పెరిగే కణాలన్నిటి మీదా కీమో దెబ్బ పడుతుంది, నోటి లోపలి పొర అలాంటిదే. లీటరు మంచినీళ్లలో చెంచాడు ఉప్పు, చెంచాడు వంటసోడా కలిపి, తిన్న ప్రతిసారీ, పడుకోబోయే ముందూ పుక్కిలించి ఉమ్మేయండి. బాగా మెత్తటి బ్రష్ వాడండి. ఆల్కహాల్ కలిసిన మౌత్‌వాష్ జోలికి పోవద్దు, మంట ఇంకా ఎక్కువవుతుంది. తినబోయే ముందు రాసుకోవడానికి నొప్పి తెలియకుండా చేసే జెల్ ఉంటుంది, అడిగితే రాసిస్తారు. నాలుక మీద తెల్లటి మచ్చలు కనిపిస్తే అది ఫంగస్ కావచ్చు, దానికి మందు వేరు. మంచుముక్కలు చప్పరించమని ఎవరైనా చెబితే డాక్టరును అడగకుండా మొదలుపెట్టకండి. కొన్ని మందులకు అది మేలు చేస్తుంది గానీ, ఆక్సాలిప్లాటిన్ అనే మరో కీమో మందు తీసుకునేవాళ్లకు చల్లదనమే పడదు.

ఒక్క విషయంలో మాత్రం క్షణం కూడా ఆగవద్దు. కీమో తర్వాత తెల్ల రక్తకణాలు పడిపోయే రోజుల్లో, పూసిన నోరు సూక్ష్మక్రిములకు తెరిచిన తలుపు. ఇంట్లో థర్మామీటర్ ఉంచుకోండి. 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్, దాటితే అర్ధరాత్రి అయినా ఆస్పత్రికి ఫోను చేసి బయలుదేరండి. జ్వరం చూసుకోకుండా పారాసిటమాల్ వేసుకోవద్దు, అసలు జ్వరమే బయటపడదు.

డాక్టరుతో ఏమని చెప్పాలా అని వెతుక్కోనక్కర్లేదు. ‘గుండీలు పెట్టుకోలేకపోతున్నాను, మంచినీళ్లు మింగలేకపోతున్నాను’ అని నాకు రాసిన మాటలే చెప్పండి. ఏ పని చేసుకోలేకపోతున్నారన్నదాన్ని బట్టే తీవ్రతను అంచనా వేస్తారు. మళ్లీ కీమోకు వెళ్లేదాకా ఆగకుండా, ఇది చదివిన రోజే ఫోను చేయండి. మాట పెగలకపోతే ఇంట్లోవాళ్ల చేత చెప్పించండి.