చేతిది కాదమ్మా, కాళ్లది తప్పు

ప్రశ్న: మా పాపకు 12 ఏళ్లు. రెండేళ్లుగా షటిల్ నేర్చుకుంటోంది. ప్రాక్టీసులో తన స్మాష్ చూస్తే ముచ్చటేస్తుంది. మ్యాచ్‌లో మాత్రం నెట్‌కు కొడుతుంది, లేదా షటిల్ తల వెనక్కి వెళ్లిపోయాక కొడుతుంది. వాళ్ల నాన్న రోజూ అదనంగా 200 స్మాష్‌లు కొట్టిస్తున్నారు. అయినా మార్పు లేదు. టాలెంట్ లేదంటారా? రాకెట్ మార్చమంటారా?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: టాలెంట్ సంగతి పన్నెండేళ్లకే తేల్చేయకండమ్మా. ఆ 200 స్మాష్‌లకు షటిల్ వేసేది నాన్నగారేనా? ఆయన ఒకేచోట నిలబడి, ఒకే ఎత్తులో వేస్తుంటారని నా అనుమానం. ఎక్కడ పడుతుందో పాపకు ముందే తెలుసు. మ్యాచ్‌లో అలా వేసిపెట్టేవాళ్లెవరు?

ఈసారి మ్యాచ్‌లో పాప చేతిని వదిలేసి పాదాలు చూడండి. అవతలి అమ్మాయి రాకెట్ షటిల్‌కు తగిలే క్షణంలో మీ పాప ఏం చేస్తోంది? బాగా ఆడేవాళ్లు సరిగ్గా అప్పుడే చిన్న గెంతు వేస్తారు, మహా అయితే రెండంగుళాలు. స్ప్లిట్ స్టెప్ అంటాం. కాళ్లు ఎడంగా, మునివేళ్ల మీద దిగి, దిగుతూనే షటిల్ వైపు నేలను తన్ని కదులుతారు. సింధు ఇవతలి వైపు ఆడుతున్న వీడియో పెట్టి, ఆమె కాళ్లు మాత్రమే కనబడేలా స్క్రీన్‌ను అట్టతో మూయండి. సౌండ్ పెంచండి. అవతలి దెబ్బ చప్పుడుకూ ఈ గెంతుకూ పొత్తు తెలుస్తుంది. మా పిల్లలకు నేను చూపించేది ఇదే.

మడమలు ఆనించి నిలబడితే కదలడం ఆలస్యమవుతుంది. షటిల్ తల దాటాక మోచేయి ముడిచి కొట్టాల్సి వస్తుంది. తప్పు కాళ్లది, తిట్లు చేతికి.

1920ల్లో మాస్కోలో నికొలాయ్ బెర్న్‌స్టైన్ అనే శాస్త్రవేత్త సుత్తితో ఉలి మీద కొట్టే పనివాళ్లను ఫొటోలు తీసి పరిశీలించాడు. దెబ్బ చేరే చోటు ఒకటే, కాని భుజం, మోచేయి, మణికట్టు ప్రతి దెబ్బకూ కొంచెం వేరుగా కదులుతున్నాయి. ఒక కీలు దారి తప్పితే ఇంకోటి సర్దుకుంటోంది. మన కొలిమి దగ్గర కాసేపు కూర్చున్నవాళ్లకు ఇది వింతేం కాదు. కమ్మరి పట్టకారుతో కర్రును తిప్పుతూనే ఉంటాడు, సమ్మెట వేసేవాడు దానికి తగ్గట్టు సర్దుకుంటూనే ఉంటాడు.

ఇది తెలియక నేనూ ఒకడిని చెడగొట్టాను. కోచ్‌గా కొత్తలో ఒక కుర్రాడిని నెలంతా అద్దం ముందు నిలబెట్టి స్మాష్ దిద్దాను. ఫొటోకు పనికొచ్చే పోజు వచ్చింది. జిల్లా పోటీల్లో మొదటి రౌండ్‌లోనే ఇంటికొచ్చాడు.

నాన్నగారిని 200 మాని 60 వేయమనండి. ఒకటి వెనక్కి, ఒకటి నెట్ దగ్గరికి, ఒకటి ఎడమకు, ముందు చెప్పకుండా. మొదట్లో పాప తప్పులు పెరుగుతాయి, ఆయనకు టెన్షన్ వస్తుంది, మీరే సర్దిచెప్పాలి. ఇలా కలగలిపి చేసే సాధన ఆ పూటకు చెడినట్టు కనబడినా, తర్వాత ఎక్కువ నిలుస్తుంది.

రాకెట్ ఇప్పుడే వద్దు. పాత గ్రిప్ విప్పి కొత్తది చుట్టించండి. చెమటకు జారుతుంటే పిల్లలు పిడికిలి బిగిస్తారు, బిగిస్తే ముంజేయి తిరగదు. స్మాష్ వేగానికి ఆ తిరగడం చాలా అవసరం. షటిల్ తగిలే క్షణంలో బిగిస్తే చాలు, మిగతాసేపు కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకోమనండి.