నీళ్లలో, బురదలో తిరిగే బండికి ఆయిలు, గ్రీజు మార్చేటప్పుడు

చిరంజీవి అబ్బాయికి, మామయ్య ఆశీస్సులు.

నీ ఫోర్‌వీల్ డ్రైవ్ బండికి గేర్‌బాక్స్ మొదలు ఇరుసుల దాకా ఆయిళ్లు, గ్రీజులు ఈసారి నీ చేత్తోనే మార్చుకుంటానని రాశావు, సంతోషం. ఇంజిన్ ఆయిలు మార్చడం వచ్చినవాడికి ఇది కొరుకుడు పడని పనేమీ కాదు. అయితే తారు రోడ్డు మీదే తిరిగే బండికి గేర్ ఆయిలు కిలోమీటర్ల లెక్కన పాతబడుతుంది, వాగులు దాటే బండికి మాత్రం నీళ్లు లోపలికి చేరిన రోజునే పాతబడుతుంది. కాబట్టి బండితో వచ్చిన మాన్యువల్ పుస్తకంలో 40,000 కిలోమీటర్లకు మార్చాలని రాసి ఉన్నా, ఇరుసులు మునిగేంత నీళ్లలో దిగిన ప్రతిసారీ ఆయిలును పరీక్షించి తీరాలి. పరీక్ష కూడా సులువే. బండిని ఒక రాత్రంతా కదపకుండా ఉంచితే విడిగా ఉన్న నీరు బరువుకు అడుగుకు చేరుతుంది. పొద్దున్నే డ్రెయిన్ ప్లగ్‌ను (ఆయిలు దించడానికి అడుగున ఉండే బిరడాను) పూర్తిగా తీయకుండా కాస్త వదులు చేస్తే ముందుగా కారేది ఆయిలో నీరో నీకే తెలిసిపోతుంది.

సాధారణంగా ఇలాంటి బండిలో ఆయిలు నాలుగు చోట్ల ఉంటుంది: గేర్‌బాక్స్, దాని శక్తిని ముందు వెనుక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేస్, ఆ శక్తిని రెండు పక్కల చక్రాలకు అందించే ముందు డిఫరెన్షియల్, వెనుక డిఫరెన్షియల్. నాలుగింటికీ ఒకే డబ్బాలోది పోయవచ్చని చెప్పేవాళ్లుంటారు, వాళ్ల మాట వినకు. డిఫరెన్షియల్‌లో హైపాయిడ్ గేర్లు ఉంటాయి. పినియన్ (తిప్పే చిన్న గేరు) క్రౌన్ వీల్ (తిరిగే పెద్ద గేరు) మధ్యరేఖకు పక్కగా ఉండటం వల్ల పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాకుండా గట్టిగా రాసుకుంటూ జారుతాయి. ఆ ఒత్తిడిని తట్టుకోవడానికి గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు ఎక్కువ పాళ్లలో ఉండే జీఎల్-5 తరగతి గేర్ ఆయిలు అక్కడ తప్పనిసరి. చేత్తో గేర్లు మార్చే గేర్‌బాక్స్‌లో, గేరు పడేముందు వేగాలను సమం చేసే ఇత్తడి సింక్రోనైజర్ రింగులకు ఆ రసాయనాలే హాని చేయగలవు. పైగా ఆ రింగులు పనిచేయడానికి కొంత రాపిడి కావాలి, జీఎల్-5 దాన్ని తగ్గిస్తుంది కాబట్టి గేర్లు పడటం మొరాయిస్తుంది. అందుకే చాలా గేర్‌బాక్స్‌లకు ఆ రసాయనాలు తక్కువగా ఉండే జీఎల్-4 చెబుతారు. ట్రాన్స్‌ఫర్ కేస్‌లో కొన్ని బండ్లకు గేర్ ఆయిలు, కొన్నింటికి ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో వాడే పలుచని ఆయిలు పోస్తారు. ఇక్కడ అంచనాలు పనికిరావు, మాన్యువల్ చూడాల్సిందే. ఒక చక్రం జారినా రెండోదానికి శక్తి అందించే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉంటే దాని క్లచ్ ప్లేట్ల కోసం ఆయిలులో వేరే అడిటివ్ కలపాలేమో కూడా చూసుకో. ఇంకొక సంగతి, గేర్ ఆయిలు డబ్బా మీది అంకెలు చూసి భయపడకు. గేర్ ఆయిళ్ల కొలమానం వేరు, 75డబ్ల్యూ-90 గేర్ ఆయిలు చిక్కదనంలో 10డబ్ల్యూ-40 ఇంజిన్ ఆయిలుకు దగ్గరగానే ఉంటుంది.

పని మొదలుపెట్టే ముందు బండిని కొంత దూరం నడిపి రా. వెచ్చబడిన ఆయిలు అడుగున పేరుకున్న ఇనుప రజనుతో సహా దిగిపోతుంది. బండిని చదునైన నేల మీద నిలుపు. కిందికి దూరడానికి ఎత్తు చాలకపోతే నాలుగు మూలలా స్టాండ్లు పెట్టి సమానంగా లేపు. ఒక్క వెనుక భాగాన్నే లేపితే ఆయిలు పోసే ఫిల్లర్ రంధ్రం దగ్గర మట్టం తప్పు చూపిస్తుంది. జాకీని మాత్రమే నమ్మి కిందికి దూరడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

స్పానర్ పట్టాక మొదట ఫిల్లర్ ప్లగ్ ఊడుతుందో లేదో చూడు, ఆ తర్వాతే డ్రెయిన్ ప్లగ్ జోలికి వెళ్లు. బురద, తుప్పు పట్టిన ఫిల్లర్ ప్లగ్ బిగుసుకుపోవడం తరచూ జరిగేదే. ఉన్న ఆయిలు ముందే తీసేస్తే, కొత్తది పోసే దారి లేక బండి అక్కడే కూర్చుంటుంది. ప్లగ్ చుట్టూ ఉన్న మట్టిని వైరు బ్రష్‌తో గీకి, గుంటలో ఇరుక్కున్న ఇసుకను కూడా తీసి, స్పానర్ లేదా అలెన్ కీ పూర్తిగా కూర్చునేటట్టు చెయ్యి. సగం కూర్చున్న కీతో బలం ప్రయోగిస్తే ప్లగ్ తల అరిగిపోతుంది. ఆ తర్వాత ఉలి, సుత్తి పట్టాల్సి వస్తుంది.

దిగిన ఆయిలును చూడకుండా పారబోసేవాడు సగం పని వదిలేసినట్టే అని నా అభిప్రాయం. శుభ్రమైన తొట్టిలో పట్టి, వెలుతురులో చూసి, రెండు వేళ్ల మధ్య రుద్ది చూడు. నల్లబడినంత మాత్రాన కంగారు పడకు. అయస్కాంతం ఉన్న డ్రెయిన్ ప్లగ్‌కు బూడిద రంగులో మెత్తటి పేస్టు అంటుకోవడం కూడా మామూలు అరుగుదలే. గోటితో పట్టుకోగలిగినంత పెచ్చులు, సూదుల్లాంటి ముక్కలు కనిపిస్తే మాత్రం పంటి అంచో బేరింగో విరుగుతోందని అర్థం, కొత్త ఆయిలు పోసి దాన్ని కప్పిపుచ్చకు. గేర్‌బాక్స్ ఆయిలులో పసుపు మెరుపు కనిపిస్తే అది సింక్రోనైజర్ రింగుల నుంచి వచ్చి ఉండవచ్చు. ఆయిలు పాలలా తెల్లబారితే నీరు కలిసి గిలక్కొట్టుకుపోయిందన్నమాట. అలాంటప్పుడు అదే గ్రేడులో చవక ఆయిలు పోసి, కొద్ది దూరం నెమ్మదిగా నడిపి మళ్లీ తీసేయి. స్వచ్ఛంగా వచ్చేదాకా అలా చేశాక అసలు ఆయిలు పొయ్యి. కిరోసిన్‌తో కడగమని ఎవరైనా చెబితే చెయ్యకు. మూలల్లో మిగిలిపోయిన కిరోసిన్ కొత్త ఆయిలును పలుచన చేస్తుంది. దిగిన ఆయిలు ఎంతో కొలిచి చూడటం కూడా మరువకు. గేర్‌బాక్స్‌లో తక్కువై ట్రాన్స్‌ఫర్ కేస్‌లో ఎక్కువైతే, రెండింటి మధ్య ఆయిలును ఆపే సీల్ అరిగి ఆయిలు అటు పోతోందని అనుమానించాలి.

నీరు ఎలా చేరిందో కనిపెట్టకుండా ఆయిలు మార్చి లాభం లేదు. ఎక్కువసార్లు దోషం బ్రీదర్‌ది, అంటే ఇరుసు లోపలికీ బయటికీ గాలి ఆడే చిన్న దారిది. పరుగుతో వేడెక్కిన ఇరుసు చల్లని నీళ్లలో మునగగానే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. బ్రీదర్ మట్టితో మూసుకుపోయి ఉంటే ఆ లోటు తీరడానికి సీళ్ల అంచుల నుంచి నీరు లోపలికి పీల్చుకుంటుంది. బ్రీదర్ బాగానే ఉండి నీళ్లలో మునిగితే, నీరు నేరుగా దాని గుండానే వెళ్లవచ్చు. అందుకని బ్రీదర్‌ను విప్పి శుభ్రం చేసి, దానికి ఆయిలును తట్టుకునే గొట్టం తగిలించి, ఎక్కడా మడత పడకుండా ఇంజిన్ గది పైభాగం దాకా తీసుకుపో. ఖర్చు తక్కువ, ప్రయోజనం ఎక్కువ. వాగు దాటే ముందు బండిని కాసేపు ఆపి ఇరుసులు చల్లారనివ్వడం కూడా మంచి అలవాటు.

డ్రెయిన్ ప్లగ్‌ను కొత్త వాషర్‌తో, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో మాన్యువల్ చెప్పినంతే బిగించు. అల్యూమినియం కేసుల్లో మర తేలిగ్గా చెడిపోతుంది. తర్వాత ఆయిలు ఫిల్లర్ రంధ్రం కింది అంచుకు చేరి పొర్లేదాకా పొయ్యి, కాసేపాగి మరోసారి మట్టం చూడు. మాన్యువల్ వేరే మట్టం చెబితే దాన్నే పాటించు. ఎక్కువ పోస్తే మేలేమీ లేదు, నురగ లేస్తుంది, సీళ్ల నుంచి కారుతుంది.

ఇక గ్రీజు సంగతి. ఇరుసులకు శక్తిని చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్ట్ కొనల్లో ఉండే యూనివర్సల్ జాయింట్లకు (వంగుతూ తిరిగే కీళ్లకు), ఆ షాఫ్ట్ జారే భాగానికి ఎన్ఎల్‌జీఐ (గ్రీజు గట్టిదనపు కొలమానం) 2 గ్రేడు లిథియం కాంప్లెక్స్ గ్రీజు చాలామట్టుకు సరిపోతుంది. నీళ్లలో ఎక్కువగా తిరిగితే కాల్షియం సల్ఫోనేట్ రకం ఇంకా బాగా నిలుస్తుంది. రకాలు కలపకు, ముఖ్యంగా లిథియం గ్రీజు మీద పాలీయూరియా గ్రీజు వేస్తే రెండూ మెత్తబడి కారిపోయే అవకాశముంది. గ్రీజు ఎక్కించే నిపుల్‌ను గుడ్డతో తుడవకుండా గ్రీజు గన్ తగిలిస్తే, దాని మీది ఇసుకను నువ్వే లోపలికి పంపినవాడివవుతావు. యూనివర్సల్ జాయింట్‌కు నాలుగు కప్పుల అంచుల నుంచీ కొత్త గ్రీజు కనిపించేదాకా నెమ్మదిగా కొట్టు. ఒక కప్పు నుంచి రాకపోతే షాఫ్ట్‌ను కొంచెం తిప్పి మళ్లీ ప్రయత్నించు. ఎర్రటి తుప్పు రజను బయటికి వస్తే ఆ జాయింట్ ఆయుష్షు తీరినట్టే, మార్చెయ్యి. జారే భాగంలో మాత్రం సీల్ దగ్గర గ్రీజు కనిపించగానే ఆపాలి. కుక్కి నింపితే షాఫ్ట్ లోపలికి జారలేక ఆ ఒత్తిడి బేరింగుల మీద పడుతుంది.

చక్రాల బేరింగులను కిరోసిన్‌తో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అరచేతిలో గ్రీజు పెట్టుకుని, రోలర్ల మధ్య నుంచి అవతలివైపుకు పొంగేదాకా ఒత్తి నింపు. ఆరబెట్టడానికి గాలి గొట్టంతో గిరగిరా తిప్పకు, రోలర్లు ఎగిరి పడి గాయాలవుతాయి. హబ్ (చక్రం నడిమి భాగం) సీల్ ప్రతిసారీ కొత్తదే వెయ్యి. చేత్తో తిప్పి లాక్ చేసే హబ్‌లకు పలుచటి పూత చాలు, ఎక్కువైతే అవి ఇరుక్కుంటాయి. ముందు ఇరుసు ఒకే గట్టి కడ్డీలా ఉన్న (సాలిడ్ యాక్సిల్) బండిలో, చక్రాలు పక్కకు తిరిగే చోట ఉండే స్టీరింగ్ గుండ్ల లోపలి గ్రీజు నీళ్లలా పలుచబడి కనిపిస్తే, డిఫరెన్షియల్ ఆయిలు లోపలి సీల్ దాటి వచ్చి కలుస్తోందని గుర్తించు.

పాత ఆయిలును డబ్బాల్లోకి పట్టి, వాడిన ఆయిలు సేకరించేవాళ్లకే ఇవ్వు. నేల మీద పోయకు. బండిని కొంత దూరం నడిపి వచ్చాక ప్రతి ప్లగ్ కిందా పొడి గుడ్డతో తుడిచి, మరునాడు తడి తగులుతుందేమో చూడు. ఏ చోట ఏ ఆయిలు ఎంత పట్టింది, ప్లగ్‌కు ఏమంటుకుంది, మీటరు ఎంత చూపిస్తోంది అన్నవి తేదీతో సహా ఒక పుస్తకంలో రాసిపెట్టు. ఈసారి తీసిన ఆయిళ్లను నాలుగు గాజు సీసాల్లో కొంచెం కొంచెం పట్టి, పేర్లు రాసి ఉంచితే, నేను వచ్చినప్పుడు ఇద్దరం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మామయ్య