గోదావరి వరద నీళ్లు కలిస్తే తుఫాను బలం తగ్గుతుందా?

"వరద నీళ్లు చల్లగా ఉంటాయి కదా, అన్ని లక్షల క్యూసెక్కులు సముద్రంలో కలిశాక అక్టోబరు, నవంబరు తుఫాన్ల జోరు తగ్గాలి కదా" అని అడిగారు. తగ్గదండి. చాలాసార్లు ఆ నీళ్లు తుఫానుకే కలిసొస్తాయి.

మాది యానాం దగ్గర, వేట మీద బతికే ఊరు. వరద రోజుల్లో గోదావరి పాయ గౌతమి సముద్రంలో కలిసే మొగ దాటి బోటులో వెళ్తే కనుచూపు మేరా ఎర్రనీళ్లే. గుర్రపుడెక్క గుంపులు గుంపులుగా కొట్టుకొస్తుంటుంది. ఇంకాస్త లోపలికి పోయి వెనక్కి చూస్తే, ఇంజను ఫ్యాను తిరిగిన దారి పొడవునా ఆ ఎరుపు మధ్యలో పచ్చటి చార తేలుతుంది. కింద ఉన్న సముద్రపు నీళ్లను ఫ్యాను పైకి తోడుతోందన్నమాట. ఎరుపంతా పైపైనే, కొన్నిచోట్ల మనిషి లోతు కూడా ఉండదు. ఆ పైనీళ్లు దోసిట్లో తీసి నోట్లో పోసుకుంటే ఉప్పదనం సరిగా తగలదు.

మంచినీళ్లు తేలిక, ఉప్పునీళ్లు బరువు. అందుకే నదినీళ్లు వెంటనే కలవకుండా పైన పరుచుకుంటాయి. తుఫానుకు బలం సముద్రం పైనీళ్ల వేడి నుంచి వస్తుంది. కానీ దాని గాలే సముద్రాన్ని చిలికి, అడుగున ఉన్న చల్లనీళ్లను పైకి తెస్తుంది. పైనీళ్లు చల్లారతాయి, తుఫాను తన జోరుకు తనే బ్రేకు వేసుకుంటుంది. మంచినీళ్ల పొర ఉన్నచోట ఆ చిలకడం లోతుకు దిగదు. పొరకు కింద ఉప్పగా ఉన్నా ఇంకా వెచ్చగానే ఉండే నీళ్లు కొంత మందాన ఉంటాయి, పైకొస్తే ముందు వచ్చేవి అవే. దీన్ని బ్యారియర్ లేయర్ అంటారు. బంగాళాఖాతంలో ఎండాకాలపు తుఫాన్ల వెనక సముద్రం బాగా చల్లబడుతుంది, వానాకాలం వెళ్లాక వచ్చే తుఫాన్ల వెనక అందులో మూడోవంతు వరకే చల్లబడుతుందని పరిశోధనలు చెబుతున్నాయి.

ఇక వరద నీళ్ల చల్లదనం అంటారా, అది నిలవదు. పల్చటి పొర కాబట్టి ఎండకు త్వరగా వేడెక్కుతుంది.

అయితే ఇదంతా మన గోదావరి చలవే అనుకోకండి. గంగా బ్రహ్మపుత్రలు తెచ్చే నీళ్లు గోదావరి నీళ్లకు సుమారు పదిరెట్లు. వానాకాలం తర్వాత తీరం వెంబడి ప్రవాహం దక్షిణానికి తిరుగుతుంది, ఆ నీళ్లు ఒడిశా మీదుగా మన తీరానికి సన్నటి పాయలా దిగుతాయి. దీన్ని పట్టుకోవడంలో మత్స్యకారుల చెయ్యి ఉండటం నాకు చాలా గర్వంగా అనిపిస్తుంది. తూర్పు తీరంలో కొన్ని ఊళ్ల వేటగాళ్లు ఒడ్డు దగ్గరి నీళ్లను సీసాల్లో పట్టి ఇస్తూ వచ్చారు, ఆ ఉప్పు లెక్కలతో శాస్త్రవేత్తలు 2014లో పరిశోధన పత్రం వేశారు.

అట్లాంటిక్‌లో అమెజాన్, ఒరినోకో నదులదీ ఇదే కథ. 1960 నుంచి 2000 వరకు అక్కడ అన్నిటికంటే బలమైన తరగతి అయిన కేటగిరీ 5కి చేరిన హరికేన్లలో (అక్కడి తుఫాన్లను అలాగే అంటారు) 68 శాతం ఆ నదుల నీళ్లు పరుచుకునే ప్రాంతం మీదుగా వెళ్లినవే. అలాగని అన్నిటికీ నదులే కారణమని కాదు, ఆ దారిలో సముద్రం ఎలాగూ వెచ్చగానే ఉంటుంది.

వరద ఎక్కువొచ్చిన ఏడు పెద్ద తుఫాను ఖాయమా అని మా ఊళ్లోనూ అడుగుతుంటారు. కాదండి. మంచినీళ్లు బ్రేకును వదులు చేస్తాయి, అంతవరకే. 1990 మే నెలలో, నదులన్నీ ఎండి ఉన్న రోజుల్లో, మచిలీపట్నం దగ్గర విరుచుకుపడిన తుఫాను ఎంత భయంకరమో పెద్దవాళ్లకు తెలుసు. 2013 నవంబరులో లెహర్ మాత్రం సముద్రంలో అతి తీవ్ర తుఫానుగా ఉండి కూడా, పొడిగాలి, పైగాలులకూ కింది గాలులకూ ఉన్న తేడా దెబ్బకు, అదే మచిలీపట్నం దగ్గర తీరం దాటేసరికి వాయుగుండంగా మిగిలింది.